గౌరామి చేపల్లో ఆడ ఏది, మగ ఏది? ఇంటి అక్వేరియం ముందు ఒక జీవశాస్త్ర పాఠం



మన బోయిన్‌పల్లి క్యాంపస్‌లో పేరెంట్-టీచర్ మీటింగ్ అయ్యాక, మార్కుల సంగతి మాట్లాడేసి గుమ్మం దాకా వెళ్లి, కొందరు మళ్లీ వెనక్కి తిరిగి ఒక ప్రశ్న అడుగుతున్నారు. "టీచర్, పిల్లలు గొడవ చేస్తే చేపల తొట్టి పెట్టాం. గౌరామీలు జోడీ అని ఇచ్చాడు షాపతను. తెల్లారింది మొదలు ఒకటి ఇంకోదాన్ని తరుముతూనే ఉంది. అది నిజంగా జోడీయేనా?" చాలాసార్లు కాదు. రెండూ మగవే. ఈ నెల పాఠం అందుకే దీని మీద.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ రెండు మగ గౌరామీలను రెండడుగుల తొట్టిలో వేస్తే తొట్టి మొత్తం ఒకటే ఏలుతుంది. రెండోది హీటర్ వెనకో, ఫిల్టర్ గొట్టం పక్కనో నక్కుతుంది. మేత తినడానికి పైకి రాదు. రెక్కలు చిరుగుతాయి, రంగు పోతుంది, కొన్ని వారాల్లో చనిపోతుంది. ఆ చేపకు మీ పిల్లలు అప్పటికే ఒక పేరు పెట్టి ఉంటారు. "జబ్బు చేసింది నాన్నా" అని మనం సర్దిచెబుతాం. అసలు కారణం కొనేటప్పుడు మనం చూడని ఒక రెక్క.

సంతోషించాల్సింది ఏమిటంటే, అక్వేరియం చేపల్లో ఆడామగా తేడా కంటితో చూసి చెప్పగలిగే రకాల్లో గౌరామీలు ఒకటి. ఎనిమిదో తరగతిలో జంతువుల ప్రత్యుత్పత్తి పాఠం చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. బాహ్య ఫలదీకరణం గురించి పుస్తకంలో రెండు వాక్యాలు బట్టీ పట్టడం వేరు, కళ్లముందు చూడటం వేరు. ఒకే జాతిలో ఆడ, మగ వేర్వేరు రూపాల్లో ఉండటాన్ని లైంగిక ద్విరూపకత అంటారు. మాట పెద్దదే గానీ విషయం మన పెరట్లోదే. పుంజుకు తురాయి, వంకర తోక ఈకలు. పెట్టకు తురాయి చిన్నది, అలాంటి తోక ఈకలు ఉండవు. అయితే అప్పుడే పొదిగిన కోడిపిల్లను చూసి పుంజో పెట్టో మనం చెప్పలేం కదా? గౌరామీలదీ అంతే. రెండంగుళాల లోపు పిల్ల చేపను చూపించి "ఇది ఆడది సార్" అని ఎవరైనా గట్టిగా చెబితే, అతని మాట మీద ఆధారపడకండి.

ముందు అది ఏ గౌరామో తెలుసుకోండి

గౌరామి అనేది ఒక చేప పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. ఒక్కో రకానికి ఒక్కో గుర్తు. కాబట్టి మొదటి ప్రశ్న "ఆడా, మగా?" కాదు, "ఏ రకం?"

వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక లక్షణం ఉంది. మొప్పలతో పాటు, తలలో మడతలు మడతలుగా ఉండే లాబిరింత్ అనే అవయవంతో ఇవి పైగాలిని కూడా పీల్చుకుంటాయి. అందుకే మాటిమాటికీ పైకొచ్చి మూతితో గాలి గుటక వేస్తాయి. అది చూసి పిల్లలు కంగారు పడతారు. జబ్బు కాదని చెప్పండి. మన తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను కూడా ఇలా పైగాలి పీల్చేదే. ఆదివారం చేపల అంగడిలో కొరమీనులు జానెడు నీళ్ల టబ్బులో గంటల తరబడి బతికుండటానికి కారణం అదే. అయితే కొరమీనులో ఆడామగా పైకి చూసి చెప్పడం చాలా కష్టం. గౌరామి ఆ విషయంలో మనకు మేలు చేసింది.

షాపుల్లో ఎక్కువగా దొరికేది త్రీ స్పాట్ గౌరామి. పేరుకు మూడు చుక్కలు గానీ ఒంటి మీద లెక్కపెడితే రెండే ఉంటాయి: ఒకటి నడుము దగ్గర, ఒకటి తోక మొదట్లో. మూడో చుక్క దాని కన్ను! ఈ లెక్క మీ పిల్లల్ని అడిగి చూడండి, సరదాగా ఉంటుంది. బ్లూ గౌరామి, గోల్డ్ గౌరామి, ఒపలైన్ గౌరామి అని వేర్వేరు పేర్లతో, కొన్నిచోట్ల వేర్వేరు ధరలతో అమ్మేవన్నీ ఈ ఒక్క జాతివే; గోల్డ్, ఒపలైన్ రంగులు మాత్రం మనుషులు పెంచి తెచ్చినవి. కాబట్టి ఒక బ్లూ మగను, ఒక గోల్డ్ మగను కలిపి "రకాలు వేరు కదా, కొట్టుకోవు" అనుకోకూడదు. వాటి లెక్కలో అవి ఒకే జాతి, ఒకే రాజ్యానికి ఇద్దరు రాజులు.

వీటిలో చూడాల్సింది వీపు మీది రెక్క. పుస్తకంలో పృష్ఠ వాజం అని ఉంటుంది. మగదానిలో ఆ రెక్క పొడవుగా వెనక్కి సాగి, చివర మొనదేలి ఉంటుంది. దాని కొస తోక మొదలు దాకా వస్తుంది. ఆడదానిలో అదే రెక్క పొట్టిగా, చివర గుండ్రంగా ఉండి, తోకను చేరకముందే ఆగిపోతుంది. రంగును నమ్మకండి, ఎందుకంటే ఈ జాతిలో ఆడామగా రెంటికీ దాదాపు ఒకే రంగు. రెక్క కొస ఒక్కటే నమ్మదగిన సాక్షి. మూడంగుళాలు దాటిన చేపలో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

పెర్ల్ గౌరామి అయితే పని ఇంకా తేలిక. మలేషియా, సుమత్రా, బోర్నియోల చేప ఇది. ఒళ్లంతా ముత్యాలు అద్దినట్టు తెల్లటి చుక్కలు, నోటి దగ్గర నుంచి తోక దాకా ఒక నల్లటి గీత. ఎదిగిన మగ చేపకు గొంతు నుంచి పొట్ట దాకా నారింజ-ఎరుపు రంగు దిగుతుంది. వెన్ను రెక్క పొడవుగా సాగుతుంది, పొట్ట కింది రెక్క అంచు నుంచి సన్నటి పోగులు వేలాడతాయి. ఆడదానికి గొంతు వెండి రంగులోనే ఉంటుంది, రెక్కలు గుండ్రంగా ఉంటాయి. ఈ గుంపు మొత్తంలో సాధు స్వభావం దీనిదే. మీ ఇంట్లో మూడడుగుల తొట్టి ఉంటే, మొదటిసారి గౌరామి పెంచేవారికి నేను చెప్పేది దీన్నే.

ఇక డ్వార్ఫ్ గౌరామి. పిల్లలు షాపులో అడుగుపెట్టగానే వేలు చూపించేది దీనికే. ఇది పరాయి దేశపు చేప కాదు, గంగా-బ్రహ్మపుత్ర మైదానాలది. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానదీ ప్రాంతపు చేపల మీద 1822లో ప్రచురించిన గ్రంథంలో దీన్నీ, హనీ గౌరామినీ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. చాలాకాలం ఈ చేపల ప్రజాతికి ఉన్న కొలీసా అనే శాస్త్రీయనామం బెంగాల్ జాలర్లు పిలుచుకునే ఖోలిషా అన్న పేరు నుంచి వచ్చిందే. లాటిన్ పేర్లన్నీ యూరప్‌లోనే పుట్టాయనుకునే పిల్లలకు ఈ మాట చెప్పి తీరాలి. వీటి దగ్గరి బంధువు బ్యాండెడ్ గౌరామి కృష్ణానది దాకా మన జలాల్లో సహజంగానే ఉంటుంది. అందులోనూ మగదానికి రంగు ఎక్కువ, వెన్ను రెక్క కొస మొనదేలి ఉంటుంది.

డ్వార్ఫ్ మగది నీలిరంగు మీద ఎర్రటి అడ్డగీతలతో పట్టుచీర అంచులా మెరుస్తుంది. ఆడది బూడిద-వెండి రంగు, గీతలు లీలగా కనిపిస్తాయి, సైజు కూడా కొంచెం చిన్న. ఇంత తేడా ఉన్నా ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు, ఎందుకంటే షాపులో ఆడవి దాదాపుగా ఉండవు. రంగులేని చేపను ఎవరు కొంటారు? అందుకని మగవే తెస్తారు. తొట్టిలో ముప్పై చేపలుంటే ముప్పైకి ముప్పై మగవే కావచ్చు. మీరు "జోడీ ఇవ్వన్నా" అంటారు. అతను వల ముంచి కాస్త ఎరుపు ఎక్కువున్నది ఒకటి, కాస్త నీలం ఎక్కువున్నది ఒకటి తీసి "జోడీయే సార్" అంటాడు. అతను అబద్ధం చెబుతున్నాడని కూడా అనలేం, అతనికీ తెలియకపోవచ్చు. పౌడర్ బ్లూ, ఫ్లేమ్ రెడ్ లాంటి రంగు రకాల్లో గీతలు కూడా ఉండవు కనుక రెండు వేర్వేరు రంగులవి ఆడామగా అని భ్రమపడటం మరీ సులువు. ఆడ డ్వార్ఫ్ దొరకకపోతే ఒక్క మగదాన్ని మాత్రమే తెచ్చుకోండి. అది ఒంటరితనంతో కుమిలిపోదు, హాయిగా ఉంటుంది.

హనీ గౌరామిలో మగది జతకట్టే రోజుల్లో తేనె రంగుకు తిరిగి, గొంతూ పొట్టా నల్లబడతాయి. ఆడది లేత గోధుమ రంగు, పక్కన ఒక ముదురు గీత. మామూలు రోజుల్లో మగది కూడా వెలిసిపోయినట్టు ఉంటుంది కాబట్టి ఓపిక కావాలి. మూన్‌లైట్ గౌరామి వెండి పళ్లెంలా ఉంటుంది. దాని పొట్ట కింద దారాల్లా వేలాడే రెండు మీసాల రెక్కలు మగదానికి ఎర్రగానో నారింజగానో, ఆడదానికి పాలిపోయిన పసుపుగానో ఉంటాయి. అక్కడితో దాని సంగతి తేలిపోతుంది.

కిస్సింగ్ గౌరామిని మాత్రం పైకి చూసి ఆడామగా చెప్పలేం. మూతులు కలుపుకుంటున్నాయి కాబట్టి భార్యాభర్తలు అనుకుంటారు చాలామంది. అది ముద్దు కాదు, బలప్రదర్శన; రెండు మగవి కూడా అలాగే తోసుకుంటాయి. జెయింట్ గౌరామి మీ ఇంటికి అక్కర్లేదు. షాపులో వేలెడంత ఉండి ముచ్చటగా కనిపిస్తుంది గానీ పెరిగితే రెండడుగులు దాటుతుంది.

కన్ను ఎక్కడ మోసపోతుంది

రంగు తగ్గినంత మాత్రాన అది ఆడది అయిపోదు. ఓడిపోయిన మగ చేప, ప్రయాణంలో బెదిరిన చేప, కొత్త నీళ్లలో పడిన చేప, అన్నీ వెలవెలబోతాయి. ఇందాక చెప్పిన ఇంట్లో జరిగేది కూడా ఇదే: తరిమేది మెరుస్తూ ఉంటుంది, తరుముడు పడేది పాలిపోయి ఉంటుంది. ఇంకేముంది, "మగది, ఆడది" అని తీర్మానిస్తాం. పెర్ల్‌లోనూ త్రీ స్పాట్‌లోనూ అప్పుడు రంగు వదిలేసి రెక్క చూడాలి. భయం రంగును దాచగలదు గానీ రెక్క పొడవును తగ్గించలేదు.

రెక్క కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. టైగర్ బార్బ్ లాంటి కొరికే చేపలు అదే తొట్టిలో ఉంటే మగదాని రెక్క కొస చిరిగి గుండ్రంగా కనిపిస్తుంది. బెదిరిన చేప రెక్కను వీపుకు అతికించుకుని ముడుచుకుంటుంది. అప్పుడు కొస ఎక్కడుందో తెలియదు.

పొట్ట విషయంలో మరీ జాగ్రత్త అవసరం. గుడ్లతో ఉన్న ఆడ చేప పొట్ట నిండుగా ఉంటుంది, పై నుంచి చూస్తే వెడల్పు తెలుస్తుంది. కానీ మేత ఎక్కువ తిన్న మగది కూడా అలాగే ఉంటుంది. పొట్ట ఉబ్బడంతో పాటు పొలుసులు నిక్కబొడుచుకుని, చేప ఒక మూల కదలకుండా ఉంటే అది గుడ్లు కాదు, జబ్బు. డ్వార్ఫ్ గౌరామీలకు ఒక రకం ఇరిడోవైరస్ సోకుతుంది. పొట్ట ఉబ్బుతుంది, రంగు మాసిపోతుంది, మేత మానేస్తుంది; దానికి మందు లేదు. "గుడ్లు పెట్టబోతోంది" అని ఇల్లంతా సంబరపడుతుండగా చేప చనిపోతే ఆ బాధ రెట్టింపు. అలాంటి చేపను వెంటనే వేరే తొట్టిలోకి మార్చండి, పిల్లలకు నిజం చెప్పండి.

పిల్లలతో కలిసి చూసే పద్ధతి

తొట్టిలో లైటు వేసి పది నిమిషాలు ఆగండి. మేత వేసేముందు చేపలు హుషారుగా రెక్కలు విప్పుతాయి, అదే సమయం. ఫోన్‌తో పక్క నుంచి, అద్దానికి సమానంగా పట్టుకుని ఒక నిమిషం వీడియో తీయండి, ఫ్లాష్ వద్దు. తర్వాత వీడియో ఆపి ఆపి చూస్తూ ఒక్కో చేప వెన్ను రెక్క బొమ్మను నోట్‌బుక్‌లో గీయించండి. బొమ్మ అందంగా రానక్కర్లేదు. కొస మొనగా ఉందా, గుండ్రంగా ఉందా, తోకను తాకుతోందా, ఇంతే. పక్కన తేదీ, చేప పొడవు అంచనా, "నా ఊహ: మగ" లేదా "ఆడ" లేదా "ఇప్పుడే చెప్పలేను". ఆ మూడో జవాబుకు కూడా మా దగ్గర పూర్తి మార్కులున్నాయి. నెల తర్వాత మళ్లీ గీసి పాత బొమ్మతో పోల్చమనండి. ఇక్కడ ఒక విన్నపం: జవాబు మీకు తెలిసినా ముందే చెప్పేయకండి.

ఒకే చేపను చూసి తేల్చడం కష్టం. ఒకే రకానివి నాలుగైదు పక్కపక్కన ఉంటే తేడా దానంతటదే కనిపిస్తుంది. కాబట్టి ఈ పని ఇంట్లో కంటే కొనకముందు షాపులోనే చేయడం మంచిది. ఎదిగినవి ఎంచుకోండి, వల వేయించే ముందు ఏది కావాలో వేలితో చూపించండి. త్రీ స్పాట్ అయితే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. ఒకే ఆడది ఉంటే మగదాని వేధింపంతా దాని మీదే పడుతుంది. దానికి కనీసం మూడడుగుల తొట్టి కావాలి. రెండడుగుల తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో మీ పిల్లలచేతే లెక్క కట్టించండి: 60 సెంటీమీటర్లు, 30, 30 హెచ్చవేస్తే 54,000 ఘన సెంటీమీటర్లు, అంటే 54 లీటర్లు. అడుగున గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 మిగులుతాయి. అందులో ఒక డ్వార్ఫ్ జంటకు చోటుంటుంది, అంతకు మించి కాదు.

నిజంగానే జోడీ కుదిరితే ఏమవుతుందో కూడా తెలుసుకుని ఉండాలి. మగది నీటి ఉపరితలంపై నోటితో బుడగలు ఊది నురగ గూడు కడుతుంది. డ్వార్ఫ్ అయితే అందులో ఆకుల ముక్కలు కూడా కూరుస్తుంది. గూడు కనిపించిందంటే అక్కడ ఎదిగిన మగది ఉన్నట్టే. ఫిల్టర్ ప్రవాహం తగ్గించి, నీటిపై తేలే మొక్కలు కొన్ని వేస్తే గూడు నిలుస్తుంది. గూటి కింద మగది ఆడదాన్ని చుట్టుకుంటుంది, గుడ్లు నీటిలోకి వచ్చాకే ఫలదీకరణ జరుగుతుంది. ఆ తర్వాత గుడ్లను కాచేది తండ్రే. కింద జారిన గుడ్డును నోటితో తెచ్చి మళ్లీ గూట్లో పెడుతుంది. తల్లి దగ్గరికొస్తే తరిమేస్తుంది. ఆ సమయంలో ఆడదాన్ని వేరే తొట్టికి మార్చకపోతే చచ్చేదాకా తరుముతుంది. ఒకటి ఒకటిన్నర రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, మరో రెండు మూడు రోజులకు ఈదుతాయి. అప్పుడిక తండ్రిని కూడా తీసేయాలి, లేకపోతే వాటిని తినేయవచ్చు. "అమ్మ కదా పిల్లల్ని చూసుకోవాలి?" అని పిల్లలు తప్పక అడుగుతారు. సిగ్గుపడి మాట మార్చాల్సిన పనేమీ లేదు. ఈ చేపల్లో ఆ పని నాన్నది అని చెప్పండి చాలు.

ఒక త్రీ స్పాట్ జంట ఒక్క విడతలో వందల గుడ్లు పెడుతుంది. అవన్నీ బతికితే పెట్టుకునే చోటు మీ అపార్ట్‌మెంట్లో లేదు. అందుకే జోడీ కొనేముందే ఆలోచించాలి. ఆడవి మాత్రమే పెంచుకోవడం తప్పేమీ కాదు. ఎక్కువైన చేపల్ని దగ్గరున్న హస్మత్‌పేట చెరువులో వదిలిరావడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని మనం కొనుక్కునే సక్కర్ చేప అలాగే బయటపడి ఇప్పుడు మన జలాల్లో జాలర్ల వలలు చింపుతోంది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలిన డీఎన్ఏ ఆనవాళ్ల ద్వారా తూర్పు కనుమల నీటివనరుల్లో అది ఎంతగా విస్తరించిందో గుర్తించారు. మిగిలిన చేపలు షాపుకో, మరో పెంపకందారుకో ఇవ్వండి.

నీళ్ల గురించి ఒక్క మాట. మన కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచాకే తొట్టిలో పోయండి, లేదా షాపుల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వాడండి. వారానికి ఒక బకెట్ మారిస్తే రెండడుగుల తొట్టికి సరిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి 15 డిగ్రీల దిగువకు పోతుంది. గౌరామీలకు 24 నుంచి 28 డిగ్రీలు కావాలి కనుక 50 వాట్ల హీటర్ తప్పదు. తొట్టికి మూత ఉండాలి. పైన గాలి చల్లగా ఉంటే వీటికి, ముఖ్యంగా పిల్ల చేపలకు, ఇబ్బంది.

ఈ నెల పరిశీలన నోట్‌బుక్ తెచ్చిన విద్యార్థుల బొమ్మలను జీవశాస్త్రం ల్యాబ్ గోడ మీద పెడతాం. ఇంట్లో తొట్టి లేని పిల్లలు ల్యాబ్‌లోని తొట్టిని మధ్యాహ్నం విరామంలో చూసి గీయవచ్చు. దీని కోసం కొత్తగా ఎవరూ చేపలు కొనాల్సిన పని లేదు. మీ చేప ఆడదో మగదో మీకు తేలకపోతే ఫొటో పంపండి, చూసి చెబుతాం. ఫొటో పక్క నుంచి తీయండి, రెక్క విప్పి ఉన్నప్పుడు. పై నుంచి తీసిన ఫొటోలో వెన్ను రెక్క కొస కనిపించదు.